ఫైల్ ఒకటే, సైజులు రెండు: డ్రైవ్ మారితే లెక్క ఎందుకు మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాప్‌టాప్‌లో ఒక సైజు, పెన్‌డ్రైవ్‌లో ఇంకో సైజు. ఇది చూసి కాపీ సరిగ్గా కాలేదేమోనని టెన్షన్ పడి మళ్లీ మళ్లీ కాపీ చేసేవాళ్లు కొందరు. ఏమీ చూసుకోకుండా పాతది డిలీట్ చేసేవాళ్లు ఇంకొందరు. మొదటివాళ్లకు పోయేది సమయమే. రెండోవాళ్లకు పిల్లల చిన్నప్పటి ఫొటోలు, పెళ్లి వీడియోలు, చనిపోయిన పెద్దవాళ్ల గొంతు రికార్డింగులు పోతాయి. ఏ తేడాను పట్టించుకోవాలో, దేన్ని వదిలేయాలో తెలిస్తే ఇద్దరికీ మేలు.

ఒకే ఫోల్డర్‌ను రెండు డ్రైవ్‌లలో పెట్టాను. సైజు వేర్వేరుగా చూపిస్తోంది. ఫైళ్లు పాడయ్యాయా?

చాలావరకు పాడై ఉండవు. విండోస్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. అక్కడ 'సైజ్' అని ఒక వరుస, 'సైజ్ ఆన్ డిస్క్' అని ఇంకో వరుస కనిపిస్తాయి. ప్రతి వరుసలోనూ ఎంబీ, జీబీ లెక్కతో పాటు పక్కనే మొత్తం బైట్ల సంఖ్య కూడా ఉంటుంది. రెండు డ్రైవ్‌లలోనూ 'సైజ్' వరుసలోని బైట్ల సంఖ్య అంకె అంకెకూ సరిపోవాలి. అది సరిపోతే 'సైజ్ ఆన్ డిస్క్' ఎంత తేడాగా ఉన్నా కంగారు పడక్కర్లేదు.

మొదటిది ఫైల్ లెక్క, రెండోది డ్రైవ్ లెక్క. ఫైల్ లెక్క ఎక్కడికి వెళ్లినా మారకూడదు. డ్రైవ్ లెక్క మాత్రం దాదాపు ప్రతి డ్రైవ్‌లోనూ మారుతుంది.

మ్యాక్‌లో అయితే ఫైల్‌ను ఎంచుకుని 'గెట్ ఇన్ఫో' చూడండి. బైట్ల సంఖ్య ఒకటి, దాని పక్కనే డిస్క్‌లో ఎంత పట్టిందో ఇంకొకటి కనిపిస్తాయి.

ఆ 'సైజ్ ఆన్ డిస్క్' ఎందుకు ఎక్కువ ఉంటుంది?

డ్రైవ్ తన ఖాళీ స్థలాన్ని బైట్లుగా విడగొట్టి ఇవ్వదు, సమానమైన ముక్కలుగా కోసి ఇస్తుంది. ఆ ముక్కను క్లస్టర్ అంటారు. విండోస్‌లో ఫార్మాట్ చేసేటప్పుడు 'అలొకేషన్ యూనిట్ సైజ్' అని కనిపించేది ఇదే. లాడ్జిలో ఒక్కరు దిగినా, ముగ్గురు దిగినా గది మొత్తం వాళ్ల పేరు మీదే ఉంటుంది కదా. ఒక క్లస్టర్‌లో ఒక ఫైల్ ఒక్క బైట్ రాసుకున్నా, మిగతా చోటు ఇంకో ఫైల్‌కు దొరకదు.

ఆ క్లస్టర్ ఎంత పెద్దదన్నది ఫార్మాట్‌ను బట్టి, అంటే డ్రైవ్‌లో ఫైళ్లను సర్దే పద్ధతిని బట్టి ఉంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్, ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అలాంటి పద్ధతుల పేర్లే. మనం ఏమీ మార్చకుండా విండోస్ తనంతట తానుగా పెట్టే సైజులు ఇలా ఉంటాయి. ఎన్‌టీఎఫ్ఎస్‌లో 16 టీబీ డ్రైవ్ వరకూ 4 కేబీ. ఫ్యాట్32లో డ్రైవ్‌తో పాటు పెరుగుతూ పోతుంది: 8 జీబీ లోపు 4 కేబీ, 16 జీబీ వరకు 8 కేబీ, 32 జీబీ వరకు 16 కేబీ. ఎక్స్‌ఫ్యాట్‌లో 32 జీబీ వరకు 32 కేబీ, అది దాటితే ఏకంగా 128 కేబీ. మ్యాక్ వాడే ఏపీఎఫ్ఎస్‌లోనూ, లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4లోనూ మామూలుగా 4 కేబీ.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక్కొక్కటి 3,000 బైట్లున్న చిన్న ఫైళ్లు 10,000 ఉన్నాయనుకోండి. అసలు డేటా 3 కోట్ల బైట్లు, అంటే 1 కేబీకి 1,024 బైట్లనే విండోస్ లెక్కలో 28.6 ఎంబీ. ఎన్‌టీఎఫ్ఎస్ హార్డ్ డిస్క్‌లో ఒక్కో ఫైల్‌కు 4 కేబీ చొప్పున 39 ఎంబీ పడుతుంది. 16 కేబీ క్లస్టర్లున్న ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 156 ఎంబీ. 128 కేబీ క్లస్టర్లున్న ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లో 1,250 ఎంబీ. లోపలి డేటాలో ఒక్క అక్షరం మారలేదు. అదే ఫోల్డర్ ఒకచోట 39 ఎంబీ, ఇంకోచోట జీబీకి పైనే తినేసింది.

అందుకే ఈ తేడా వీడియోల ఫోల్డర్‌లో దాదాపు కనిపించదు. 2 జీబీ సినిమాలో వృథా అయ్యేది చివరి క్లస్టర్‌లో మిగిలిన చోటు మాత్రమే. ప్రోగ్రామింగ్ ప్రాజెక్టులు, వెబ్‌సైట్ బ్యాకప్‌లు, ఈమెయిల్ నిల్వలు, ఐకాన్ ఫైళ్లు వేలకొద్దీ ఉన్న ఫోల్డర్లలో మాత్రం కళ్లు తిరిగేంత తేడా వస్తుంది. సగటున ఒక్కో ఫైల్‌కు అర క్లస్టర్ వృథా అవుతుందనేది మంచి అంచనా. అంటే 128 కేబీ క్లస్టర్ల డ్రైవ్‌లో 20,000 ఫైళ్లు పెడితే దాదాపు 1.2 జీబీ ఊరికే పోతుంది.

ఇలాంటి ఫోల్డర్లకు నేను చెప్పే మార్గం ఒక్కటే: జిప్ చేసి ఒకే ఫైల్‌గా కాపీ చేయండి. స్థలం మిగులుతుంది, కాపీ కూడా చాలా త్వరగా అవుతుంది. కాపీ వేగాన్ని ముంచేది మొత్తం సైజు కంటే ఫైళ్ల సంఖ్యే.

క్లస్టర్ సైజు తగ్గించుకోవచ్చా?

తగ్గించుకోవచ్చు, కానీ అందుకు డ్రైవ్‌ను మళ్లీ ఫార్మాట్ చేయాలి. ఫార్మాట్ చేస్తే లోపలున్నదంతా పోతుంది. ముందు డేటాను వేరేచోటికి తీసి పెట్టుకోవాలి. కెమెరాలో వాడే మెమరీ కార్డునైతే కంప్యూటర్‌లో కాకుండా ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేయడం మంచిది. తనకు నప్పే సైజు అదే పెట్టుకుంటుంది.

ఫైల్‌లో మ్యాటర్ ఉంది, కానీ 'సైజ్ ఆన్ డిస్క్' సున్నా అంటోంది. ఇదెలా?

ఇలా రెండు సందర్భాల్లో జరుగుతుంది, రెండూ పూర్తిగా వేరు.

ఎన్‌టీఎఫ్ఎస్‌లో ప్రతి ఫైల్‌కూ మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టికలో ఒక నమోదు ఉంటుంది, సాధారణంగా అది 1 కేబీ. ఫైల్ పేరు, తేదీలు, అనుమతులు అందులోనే రాసి ఉంటాయి. ఫైల్ మరీ చిన్నదైతే, అంటే ఆరేడు వందల బైట్ల లోపు ఉంటే, దాని డేటా కూడా ఆ నమోదులోనే సర్దుకుపోతుంది. విడిగా క్లస్టర్ అక్కర్లేదు కాబట్టి సున్నా చూపిస్తుంది. అదే ఫైల్‌ను 128 కేబీ క్లస్టర్లున్న ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లోకి పంపితే 128 కేబీ తీసుకుంటుంది.

రెండోది వన్‌డ్రైవ్ లాంటి క్లౌడ్ ఫోల్డర్. ఫైల్ పేరు పక్కన మబ్బు గుర్తు ఉంటే ఆ ఫైల్ మీ కంప్యూటర్‌లో లేనట్టే. పేరు, సైజు కనిపిస్తాయి కానీ డేటా అంతా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఇక్కడ నిజంగా జాగ్రత్త పడాలి. నెట్ లేనప్పుడు ఇలాంటి ఫోల్డర్‌ను బ్యాకప్ తీయబోతే ఫైళ్లు రావు. ముందుగా రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' ఎంచుకుని, అన్నీ దిగేదాకా ఆగి, అప్పుడు కాపీ చేయండి.

కొన్ని ఫైళ్లకు డిస్క్‌లో పట్టే చోటు అసలు సైజు కంటే తక్కువ ఉంది. ఎందుకు?

ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫోల్డర్‌కు కంప్రెషన్ పెట్టి ఉంటే అలా కనిపిస్తుంది. అదే ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి పంపగానే కంప్రెషన్ విడిపోయి అసలు చోటంతా పడుతుంది. లైనక్స్ వాడేవాళ్లకు బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్‌ఎఫ్ఎస్ అనే ఫార్మాట్ల డ్రైవ్‌లలో ఇది మామూలు విషయం. వర్చువల్ మెషీన్ల, అంటే ఒక కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌లా నడిచే ఇంకో కంప్యూటర్ల డిస్క్ ఫైళ్లు ఇంకో రకం. పైకి 100 జీబీ అని చెబుతాయి, లోపల రాసింది మాత్రం ఓ 12 జీబీ ఉంటుంది. మధ్యలో ఖాళీగా ఉన్న భాగాలకు చోటు కేటాయించరు. వాటిని స్పార్స్ ఫైళ్లు అంటారు. వేరే ఫార్మాట్ డ్రైవ్‌కు కాపీ చేస్తే ఆ ఖాళీలన్నీ నిజమైన సున్నాలుగా మారి పూర్తి 100 జీబీ అడుగుతాయి.

మ్యాక్‌లో ఇంకో వింత ఉంది. 2017లో హై సియెరా వెర్షన్‌తో ఏపీఎఫ్ఎస్ వచ్చాక, ఫైళ్లు చూసే ఫైండర్ యాప్‌లో ఒకే డ్రైవ్ లోపల ఫైల్‌ను డూప్లికేట్ చేస్తే అది క్షణంలో అయిపోతుంది, అదనంగా దాదాపు ఏమీ ఖర్చు కాదు. రెండు పేర్లూ ఒకే డేటాను చూపిస్తుంటాయి. ఒకదాన్ని మారిస్తే మారిన భాగానికి మాత్రమే కొత్త చోటు తీసుకుంటుంది. కాబట్టి 10 జీబీ వీడియోకు మూడు నకళ్లు తీసుకుంటే ఫోల్డర్ 40 జీబీ అంటుంది, డ్రైవ్‌లో తగ్గింది 10 జీబీయే. వాటిని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కు పంపితే మాత్రం పూర్తి 40 కావాలి. ఒక మాట: ఇలా తీసిన నకలు బ్యాకప్ కానే కాదు. డ్రైవ్ పోతే అన్నీ కలిసే పోతాయి.

1 టీబీ హార్డ్ డిస్క్ కొన్నాను. 931 జీబీయే చూపిస్తోంది. మిగతాది ఏమైంది?

ఎక్కడికీ పోలేదు. డిస్క్ తయారుచేసిన కంపెనీ ఒక లెక్కన చెప్పింది, విండోస్ ఇంకో లెక్కన చూపిస్తోంది.

కంపెనీకి 1 జీబీ అంటే సరిగ్గా వంద కోట్ల బైట్లు. 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. కిలో అంటే వెయ్యి అనే పద్ధతి ఇది. కిలోమీటరు, కిలోగ్రాము లాగానే.

విండోస్‌కు 1 కేబీ అంటే 1,024 బైట్లు. అంటే 2ను పదిసార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య. మెమరీ చిప్పుల సైజులు ఇలా 2ను 2తో హెచ్చిస్తూ పోతే వచ్చే సంఖ్యల్లోనే ఉంటాయి కాబట్టి, వెయ్యికి దగ్గరగా ఉందని 1,024ను కిలో అనడం పాతరోజుల్లోనే అలవాటైంది. ఆ లెక్కన 1 జీబీ అంటే 1,07,37,41,824 బైట్లు. లక్ష కోట్లను దీనితో భాగిస్తే 931.32 వస్తుంది. విండోస్ చూపించే సంఖ్య అదే.

కేబీ దగ్గర ఈ తేడా 2.4 శాతమే, ఎవరూ పట్టించుకోలేదు. ఎంబీ దగ్గర 4.9 శాతం, జీబీ దగ్గర 7.4 శాతం, టీబీకి వచ్చేసరికి దాదాపు 10 శాతం. డిస్కులు పెద్దవయ్యేకొద్దీ అంతరం పెరుగుతూ వచ్చింది, కొన్నవాళ్లకు మోసపోయామన్న అనుమానమూ పెరిగింది. అమెరికాలో వెస్టర్న్ డిజిటల్ మీద ఇదే విషయంలో కేసు పడి, 2006లో రాజీ కుదిరింది. కొనుగోలుదార్లకు ఉచితంగా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఆ మరుసటి ఏడాది సీగేట్ కూడా అలాంటి కేసులో రాజీకి వచ్చింది. ఇప్పుడు డిస్క్ డబ్బాల మీద '1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు' అని చిన్న అక్షరాల్లో అచ్చేస్తున్నారు.

ఈ గందరగోళం తీర్చాలని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో 1,024 లెక్కకు కొత్త పేర్లు పెట్టింది: కిబీబైట్, మెబీబైట్, గిబీబైట్, టెబీబైట్. న్యాయంగా చూస్తే విండోస్ '931 గిబీబైట్లు' అని చూపించాలి. కానీ 1,024తో లెక్కగట్టి పక్కన జీబీ అనే రాస్తోంది. నా దృష్టిలో తప్పు ఇక్కడే ఉంది. ఈ ఒక్క గుర్తు మార్చి ఉంటే మనలో చాలామందికి ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

ఫ్లాపీలనైతే ఏ లెక్కలోనూ పెట్టలేం. దాని మీద రాసిన 1.44 ఎంబీ అంటే 14,74,560 బైట్లు. ఇది 1,440ని 1,024తో హెచ్చించగా వచ్చింది. అంటే ఒకసారి వెయ్యి, ఒకసారి 1,024 వాడి రెండు పద్ధతులనూ కలిపేశారు.

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డుల సంగతీ ఇంతేనా?

ఇంతే. 32 జీబీ అంటే విండోస్‌లో 29.8, 64 అంటే 59.6, 128 అంటే 119.2 దగ్గర్లో ఉంటుంది. ఓ జీబీ అటూ ఇటూ అయితే సహజమే. ర్యామ్ మాత్రం వేరు. దాన్ని 1,024 లెక్కలోనే అమ్ముతారు, 8 జీబీ అంటే విండోస్ లెక్కలోనూ 8 జీబీయే.

అదే ఫైల్ మ్యాక్‌లో 5 జీబీ, విండోస్‌లో 4.65 జీబీ అంటోంది. ఏది నిజం?

రెండూ నిజమే. ఫైల్‌లో 500 కోట్ల బైట్లున్నాయి. 2009లో వచ్చిన స్నో లెపర్డ్ వెర్షన్ నుంచి మ్యాక్ వెయ్యి లెక్కకు మారింది. అందుకే 1 టీబీ డిస్క్ మ్యాక్‌లో 1 టీబీగానే కనిపిస్తుంది. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటులోని ఫైల్స్ యాప్ కూడా వెయ్యి లెక్కే. అదే ఉబుంటులో కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ తెరిచి 'డీయూ' కమాండ్‌కు హెచ్ ఆప్షన్ పెట్టి చూస్తే 1,024 లెక్క వస్తుంది. ఒకే కంప్యూటర్‌లో, ఒకే ఫైల్‌కు, రెండు జవాబులు.

అందుకే జీబీలను కాదు, బైట్లను పోల్చమంటున్నాను. అమెరికాలో ఉన్న అమ్మాయి మ్యాక్ నుంచి వీడియో పంపితే, విజయవాడలో నాన్నగారు విండోస్‌లో తెరిచి 'కొంత రాలేదమ్మా' అంటారు. ఇద్దరూ ఫోన్‌లో బైట్ల సంఖ్య చదువుకుంటే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

కొత్త డ్రైవ్‌లో ఏమీ పెట్టకముందే కొంత చోటు నిండి ఉంది. ఎందుకు?

ఫైళ్ల పట్టిక, ఖాళీ చోట్ల చిట్టా, మార్పుల లాగ్ లాంటివి డ్రైవ్‌లోనే ఉండాలి. ఫార్మాట్ చేయగానే వాటికి చోటు పోతుంది. ల్యాప్‌టాప్‌లతో వచ్చే డ్రైవ్‌లో రికవరీ పార్టిషన్ కూడా ఉంటుంది.

లైనక్స్‌లో ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేస్తే మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజర్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) కోసం పక్కన పెడుతుంది. డ్రైవ్ పూర్తిగా నిండినా సిస్టమ్ ఆగిపోకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు. 4 టీబీ డిస్క్‌లో ఇది 200 జీబీ. సిస్టమ్ డ్రైవ్‌కు అవసరమే కానీ, సినిమాలు, ఫొటోలు దాచుకునే డిస్క్‌కు అంత అక్కర్లేదు. 'ట్యూన్2ఎఫ్ఎస్' కమాండ్‌తో 1 శాతానికి తగ్గించుకోవచ్చు, డేటా పోదు.

పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంది. 5 జీబీ వీడియో ఎక్కడం లేదు.

ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంది. ఈ ఫార్మాట్‌లో ఒక ఫైల్ సైజు రాసుకునేందుకు 32 బిట్లే ఉన్నాయి కాబట్టి, ఒక్కో ఫైల్ 4 జీబీకి ఒక బైట్ తక్కువ వరకే ఉండొచ్చు. ఖాళీ ఎంతున్నా లాభం లేదు. డ్రైవ్‌లోని డేటాను బయటికి తీసి, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. పాత టీవీ, కారు స్టీరియోలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను చదవలేవు. అలాంటప్పుడు వీడియోను ముక్కలు చేయడం తప్ప దారి లేదు.

డిలీట్ చేసినా పెన్‌డ్రైవ్‌లో ఖాళీ పెరగలేదే?

మ్యాక్‌లో డిలీట్ చేసి ఉంటారు. మ్యాక్ ఆ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోనే దాచి ఉన్న ట్రాష్ ఫోల్డర్‌లోకి జరుపుతుంది. పెన్‌డ్రైవ్ తీయకముందే ట్రాష్ ఖాళీ చేయండి.

ఫైళ్ల సంఖ్యే మారిపోయింది. 500 పంపితే 1,000 అయ్యాయి.

ఇదీ మ్యాక్ పనే. మ్యాక్ ప్రతి ఫైల్‌కూ కొంత అదనపు సమాచారం ఉంచుకుంటుంది: ఎక్కడి నుంచి డౌన్‌లోడ్ అయింది, ఏ రంగు ట్యాగ్ పెట్టారు లాంటివి. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకు అది దాచే వీలు లేదు. అందుకని మ్యాక్ అదే పేరు ముందు ఒక చుక్క, ఒక అండర్‌స్కోర్ పెట్టి జతగా ఇంకో చిన్న ఫైల్ రాస్తుంది. మ్యాక్‌లో అవి కనిపించవు, విండోస్‌లో అన్నీ బయటపడతాయి. సాధారణంగా ఒక్కోటి 4 కేబీ, కానీ 128 కేబీ క్లస్టర్ల డ్రైవ్‌లో ఒక్కోటీ 128 కేబీ ఆక్రమిస్తుంది. ఫొటో స్టూడియోకు ఇలాంటి పెన్‌డ్రైవ్ ఇస్తే వాళ్లు ఆ జత ఫైళ్లను తెరవబోయి 'మీ ఫొటోలు తెరుచుకోవట్లేదు' అంటారు. అసలు ఫొటోలు పక్కనే భద్రంగా ఉంటాయి. ఆ చిన్నవాటిని డిలీట్ చేసినా ఫొటోలకు ఏమీ కాదు.

సంఖ్య తగ్గితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. లైనక్స్‌లో ఒకే పేరును పెద్ద అక్షరాలతో ఒకటి, చిన్న అక్షరాలతో ఇంకొకటి పెట్టొచ్చు, అవి రెండు వేర్వేరు ఫైళ్లు. విండోస్‌కు అవి ఒకటే పేరు, ఒకదాని మీద ఒకటి పడిపోతుంది. పేరులో కోలన్, ప్రశ్నార్థకం లాంటివి ఉన్నవి విండోస్ డ్రైవ్‌లలోకి ఎక్కవు. ఫోల్డర్ల లోపల ఫోల్డర్లుండి మొత్తం దారి 260 అక్షరాలు దాటితే విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఆ ఫైల్‌ను వదిలేస్తాయి. కాపీ మధ్యలో 'స్కిప్' నొక్కే ముందు ఏ ఫైల్‌ను వదిలేస్తున్నామో ఒక చోట రాసుకోండి.

అసలు బైట్లే తేడాగా ఉన్నాయి. అప్పుడు?

అప్పుడు అది ఆ ఫైల్ కాదు. మామూలుగా డ్రైవ్ నుంచి డ్రైవ్‌కు కాపీ చేస్తే ఒక్క బైట్ కూడా మారకూడదు. మారిందంటే కాపీ మధ్యలో ఆగి ఉండాలి, లేదా దారిలో ఏదో ప్రోగ్రామ్ దాన్ని మార్చి ఉండాలి.

ఎక్కువగా జరిగేది రెండోదే. వాట్సాప్‌లో ఫొటోను ఫొటోగా పంపితే దాన్ని కుదించి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పంపితేనే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఐఫోన్‌ను విండోస్ కంప్యూటర్‌కు కలిపి ఫొటోలు తీసుకుంటే, సెట్టింగ్స్‌లో 'ఆటోమేటిక్' అని ఉన్నప్పుడు ఐఫోన్ తీసే హెచ్ఈఐసీ రకం ఫొటోలు జేపెగ్‌లుగా మారి వస్తాయి. 'కీప్ ఒరిజినల్స్' పెడితే అసలువే వస్తాయి. నా సలహా: ఇంటి ఫొటోల బ్యాకప్‌ను ఎప్పుడూ వాట్సాప్ కాపీల నుంచి చేయకండి. ఫోన్‌లోని అసలు ఫైల్ ఉన్నప్పుడే తీసి దాచండి.

తెలుగులో రాసిన టెక్స్ట్ ఫైల్ ఒక చోట సేవ్ చేస్తే చిన్నగా, ఇంకో చోట పెద్దగా ఉంటోంది.

ఇది డ్రైవ్ వల్ల కాదు, ఎన్‌కోడింగ్ వల్ల, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి వల్ల. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడు బైట్లు. యూటీఎఫ్-16లో రెండు భాషలకూ రెండేసి బైట్లు. 'తెలుగు' అనే మాటనే తీసుకోండి. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: మొత్తం ఆరు. యూటీఎఫ్-8లో 18 బైట్లు, యూటీఎఫ్-16లో 12. ఫైల్ మొదట్లో ఎన్‌కోడింగ్ గుర్తు కూడా రాస్తే మరో రెండు మూడు బైట్లు కలుస్తాయి. విండోస్ నోట్‌ప్యాడ్ 2019 నుంచి కొత్త ఫైళ్లను యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది. పాత నోట్‌ప్యాడ్‌లో 'యూనికోడ్' అని ఉన్నది యూటీఎఫ్-16. అందుకే పాత ఫైల్‌ను తెరిచి యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే మ్యాటర్ అదే ఉన్నా సైజు దాదాపు ఒకటిన్నర రెట్లు కావచ్చు.

డీటీపీ చేసేవాళ్లకు ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చి టెక్స్ట్‌గా సేవ్ చేస్తే ఫైల్ గట్టిగా పెరుగుతుంది. పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను పెట్టుకుని ఒక్కో ముక్కకు ఒక్కో బైట్‌తో సరిపెట్టాయి. సైజు పెరిగినా మార్చుకోవడమే మంచిది. యూనికోడ్ మ్యాటర్ ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఫోన్‌లోనైనా చదవొచ్చు, వెతకొచ్చు.

ఇంకొకటి: విండోస్ పద్ధతిలో పంక్తి చివర రెండు బైట్లు, లైనక్స్, మ్యాక్ పద్ధతిలో ఒకటే. ప్రోగ్రామర్లు తమ కోడ్ మార్పులు దాచుకునే గిట్ లాంటి ప్రోగ్రాములు ఒకదాని నుంచి ఇంకోదానికి మారుస్తాయి. తేడా సరిగ్గా పంక్తుల సంఖ్యతో సమానమైతే కారణం ఇదే.

బైట్లు సరిపోయాయి. ఇక పాతది డిలీట్ చేసేయొచ్చా?

ఆగండి. బైట్ల సంఖ్య కలిసిందంటే పొడవు కలిసిందని మాత్రమే. లోపలున్నది కలిసిందని కాదు.

తక్కువ ధరకు వచ్చే నకిలీ పెన్‌డ్రైవ్‌లు దీనికి ఉదాహరణ. లోపల 16 జీబీ చిప్ పెట్టి, 1 టీబీ అని చెప్పేలా మార్చి అమ్ముతారు. కాపీ చక్కగా అయినట్టే కనిపిస్తుంది. పేర్లు ఉంటాయి, సైజులు ఉంటాయి, బైట్లు కూడా కలుస్తాయి. కానీ 16 జీబీ దాటాక రాసింది ఎక్కడా నిలవదు, లేదా ముందు రాసినదాని మీదే పడుతుంది. తెరిచి చూసేదాకా తెలియదు. కొత్త డ్రైవ్ కొన్నప్పుడు, అందులో ఏమీ పెట్టకముందే, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములతో పూర్తిగా రాసి, చదివి పరీక్షించండి. పెద్ద డ్రైవ్‌కు గంటలు పట్టొచ్చు, అయినా చేయండి.

ముఖ్యమైన ఫైళ్లకు హ్యాష్ చూడాలి. ఎస్‌హెచ్ఏ-256 అనే పద్ధతి ఫైల్‌లోని ప్రతి బైట్‌నూ చదివి 64 అక్షరాల వరుస ఒకటి ఇస్తుంది. లోపల ఒక్క బిట్ మారినా వరుస మొత్తం మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్, మ్యాక్‌లో షాసమ్, లైనక్స్‌లో షా256సమ్ కమాండ్లు ఈ పని చేస్తాయి. వేల ఫైళ్లున్నప్పుడు ఒక్కొక్కటీ చూడలేం. కాపీ చేశాక సరిచూసే సౌకర్యం ఉన్న ప్రోగ్రామ్ వాడండి. ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌ను రెండోసారి చెక్‌సమ్ ఆప్షన్‌తో నడిపినా సరిపోతుంది.

సరిచూసే ముందు డ్రైవ్‌ను 'ఎజెక్ట్' చేసి, తీసి, మళ్లీ పెట్టండి. కాపీ విండో మూసుకున్నంత మాత్రాన డేటా అంతా డ్రైవ్‌కు చేరిందని కాదు. కొంత ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. తీయకుండా సరిచూస్తే కంప్యూటర్ తన ర్యామ్‌లోని కాపీనే చదివి అంతా బాగుందని చెప్పే ప్రమాదం ఉంది.

సైజు కలిసింది కానీ తేదీల్లో గంట తేడా ఉంది.

ఫ్యాట్32 ఫైల్ సమయాన్ని గడియారంలో ఉన్నట్టే రాసుకుంటుంది. అది కూడా రెండేసి సెకన్ల లెక్కన. ఎన్‌టీఎఫ్ఎస్ ప్రపంచ ప్రామాణిక సమయంలో రాసుకుంటుంది. మన దేశంలో ఏడాదంతా గడియారం ఒకటే కాబట్టి పెద్దగా కనిపించదు. అమెరికాలో ఉన్నవాళ్లకు మార్చిలో, నవంబర్‌లో గడియారం మారినప్పుడు గంట తేడా వచ్చి, బ్యాకప్ ప్రోగ్రామ్ అన్నీ కొత్త ఫైళ్లనుకుని మళ్లీ కాపీ చేస్తుంది. ఫైళ్లకు ఏమీ కాలేదు.

మరి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ను ఏ ఫార్మాట్‌లో పెట్టుకోవాలి?

విండోస్ ఒక్కటే వాడే ఇల్లయితే ఎన్‌టీఎఫ్ఎస్. చిన్న ఫైళ్లకు చోటు వృథా కాదు, కరెంటు పోయినా, కేబుల్ ఊడినా కోలుకునేందుకు మార్పుల లాగ్ ఉంటుంది. విండోస్, మ్యాక్ రెండూ ఉంటే ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోక తప్పదు, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదువుతుంది కానీ అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా రాయదు. ఎక్స్‌ఫ్యాట్‌కు అలాంటి లాగ్ లేదు, కాబట్టి ప్రతిసారీ ఎజెక్ట్ చేసే తీయండి. కారులో పాటలకు, పాత టీవీకి ఫ్యాట్32 సరిపోతుంది. మ్యాక్ మాత్రమే అయితే ఎస్‌ఎస్‌డీకి ఏపీఎఫ్ఎస్ పెట్టండి.

ఏ ఫార్మాట్ అయినా, పోతే మళ్లీ దొరకనివి ఒకే డ్రైవ్‌లో ఉంచకండి. రెండో డ్రైవ్ వేరే ఇంట్లో, అన్నయ్య దగ్గరో, అక్క దగ్గరో ఉంటే ఇంకా మంచిది. ఏడాదికోసారి దాన్ని కంప్యూటర్‌కు పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి.